ఎరవు – పొత్తు

వంశధార యొడ్డున, శ్రీముఖలింగమునకు కొలదిదూరములో నున్న మా గ్రామమున గుఱ్ఱములు మిక్కిలి యరుదు. ఇది గజపతుల సీమ. కళింగదేశపు టేనుగులు శ్రేష్ఠములని కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున వ్రాసియున్నాడు. గుఱ్ఱముల మాట వచ్చినప్పుడు మాత్రము కాంభోజ సింధుదేశములను పేర్కొని మనవైపు చూడనే లేదు. ఆటోలు వచ్చి జట్కాబండ్లు మూలబడిన పిమ్మట మా యూర మిగిలినది యొక్క యాడుగుఱ్ఱము. దాని యజమానుడైన వృద్ధుడు దానిని పెండ్లి యూరేగింపులకు త్రిప్పి జీవించుచుండెను. అతనికి మోకాళ్లు పట్టుకొనిపోయినవి. అంతట, చెన్నపట్టణమున కట్టడపు పనులలో కొన్నియేండ్లు కూలిచేసి యిల్లు చేరిన పొరుగింటి యువకుని బిలిచి, ఆ గుఱ్ఱమును తోలుకొని బ్రతుకుమని చెప్పెను. యువకుడు వృద్ధుని "పెదనాన్నా" యని పిలుచును. వారికి రక్తసంబంధము లేదు. ఊరి వావి మాత్రమే.

ఇంతవఱకు వివాదము లేదు. గుఱ్ఱము నేరీతిగా నిచ్చుట యను నంశముకడ చిక్కు వచ్చినది. వృద్ధుడు ఎరవుగా నిత్తుననెను. పిల్లవానికడ పాలు పుచ్చుకొనుట యతనికి నామోషి. కొడుకు పంపు సొమ్ముతో తనకు గడచిపోవును. యువకుని తల్లి మాత్రము ఎరవు వలదు, పొత్తు కావలెననెను. ఇరుపక్షములవారును ఒకనాటి సాయంకాలము తెల్లకాగితముతో మా యింటికి వచ్చిరి. "పంతులుగారూ, ఎరవని రాస్తారో పొత్తని రాస్తారో మీ ఇష్టం. మా ఇద్దరికీ తగువు రాకుండా రాయండి" అని వృద్ధుడు మమ్ము కోరెను. "మీ ఇష్టం" అను మాట వినుటతోడనే మేము కొంచెము పొంగితిమి. సంస్కృతమును ఇంగ్లీషును నాలుగక్షరములు చదివిన బడిపంతులకు ఈ పొంగు సహజము. అట్లు పొంగి వ్రాసిన కాగిత మెట్టి పని చేసినదో చెప్పుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట మాటలను విడదీసి చూతము. పొరుగింటినుండి సోలెడు బియ్యము తెచ్చుకొన్నచో నది బదులు. ఆ బియ్యమునే తిరిగి యియ్యము, అట్టివే మఱి సోలెడు కొలిచి యిత్తుము. రోకలి తెచ్చుకొన్నచో నది ఎరవు. ఆ రోకలినే తిరిగి యియ్యవలయును. కూలి యిచ్చి తెచ్చుకొన్నచో నద్దె. ఇద్దఱు కూడి యొక్కవస్తువునందు లాభనష్టములు పంచుకొన్నచో పొత్తు. మన పల్లెలలో నక్షరము రాని ముసలమ్మకు గూడ నీ భేదము తెలియును. ధర్మశాస్త్రకారులును దీనిని మఱవలేదు. ఎరవు తెచ్చిన వస్తువును యాజ్ఞవల్క్యుడు 'యాచిత' మని పేర్కొని నిక్షేపములతో జేర్చెను. పొత్తు వ్యవహారమును మనువు 'సంభూయ సముత్థానము' అను పేర పదునెనిమిది వివాదపదములలో నొకటిగా నుంచెను.

మేము ఆలోచించి ఎరవునే సమర్థించితిమి. మా హేతువులు సామాన్యమైనవి కావు. ఎరవునందు యజమానుడొక్కడు, వాడుకొనువాడొక్కడు, ఎవనిదేదో స్పష్టము. న్యాయవేత్తలు ఎరవును వివరింపబూనినప్పుడెల్ల గుఱ్ఱమునే యుదాహరణముగా గొనుట గమనింపదగినది. వాహ్యాళికై యెరవు తెచ్చిన గుఱ్ఱమును చెప్పినదానికంటె దూరము తోలుకొనిపోయినవాడు దొంగతో సమానుడని రోమక న్యాయవేత్త గాయసు చెప్పెను. 1703లో ఇంగ్లండున హోల్టు అను ప్రధాన న్యాయాధిపతి, పడమటికి బోవుటకు తెచ్చిన గుఱ్ఱమును ఉత్తరమునకు తోలినవాడు దానికి గల్గిన కీడునకెల్ల నుత్తరవాది యని నిర్ణయించెను. మనదేశమున నేటికిని అమలునందున్న 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టములో నీ విషయమున నున్న దృష్టాంతములు మఱింత ముచ్చటైనవి. తాను మాత్రమే యెక్కుటకు గుఱ్ఱమును తెచ్చి యింటివారి నెక్కించిన వాడొకడు. కలకత్తాలో కాశికని చెప్పి బాడుగకు గొని కటకమునకు తోలినవాడొకడు. ఎంత జాగ్రత్తగా తోలినను, గుఱ్ఱము పడి గాయపడినచో వారే బాధ్యులు. గుఱ్ఱము పొగరుబోతని యెఱిగియు చెప్పక యెరవిచ్చినవాడు, ఎక్కినవాడు పడి దెబ్బతిన్నచో తానే బాధ్యుడు. ఇంత స్పష్టమైన ధర్మము ముందుండగా పొత్తను చిక్కుముడి యేల?

అదిగాక, గుఱ్ఱము సగములు కాదు. మనువు తొమ్మిదవ యధ్యాయమున దాయభాగమును జెప్పుచు, మేకలు, గొఱ్ఱెలు, చీలని గిట్టగల గుఱ్ఱము మొదలైన జంతువులు సరిసంఖ్యకు మించి యొకటి మిగిలినప్పుడు దానిని పంచరాదనియు, అది జ్యేష్ఠునకే చెందవలెననియు విధించెను. పొత్తు ప్రకరణమునందు సైతము, ఋత్విజులు దక్షిణలు పంచుకొనునప్పుడు గుఱ్ఱము గుఱ్ఱముగానే యొకనికి పోవును. "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చె" నను సామెత మన తెనుగువారి యనుభవసారము. ఇవి యన్నియు తలచి, మేము తొమ్మిది పంక్తుల కాగితమును వ్రాసి యిచ్చితిమి. గుఱ్ఱము వృద్ధునిది, వాడుక యువకునిది, మేతయు లాడములును యువకుని ఖర్చు, అడిగినప్పుడు తిరిగి యియ్యవలెను. ఇద్దఱును సంతోషించి పోయిరి. తల్లి మాత్రము గుమ్మముకడ నిలిచి, ఆ కాగితమును చదువలేకున్నను, చాలసేపు చూచి వెడలెను.

వైశాఖమాసమున ముహూర్తములు దండిగా నున్నవి. ఒకనాటి రాత్రి పొరుగూరిలో నూరేగింపు ముగిసిన పిమ్మట, సంబరములో నున్న కుఱ్ఱవాండ్రు గుఱ్ఱమునకు ముద్దుగా పెండ్లివారి యన్నమును, మిఠాయిలను తినిపించిరి. ఇల్లు చేరునప్పటికి దానికి శూల పట్టుకొన్నది. అది నేలబడి పొరలుచు, మరల లేచుచు, తన కడుపువైపు తిరిగి చూచుకొనుచుండెనట. యువకుడు తెల్లవారువఱకు దానిప్రక్కనే కూర్చుండెను. వైద్యుని పిలువలేదు, రెండిండ్ల యవతల నున్న వృద్ధుని లేపలేదు. తెల్లవాఱిన పిదప నతడు పోయి చెప్పగా, వృద్ధుడు కుంటుకొనుచు వచ్చి, పశువైద్యుని పిలిపించెను. గుఱ్ఱము బ్రతికినది. రాత్రియే పిలిచినచో దానికింత బాధ లేకపోవునని మాత్రము వైద్యుడు చెప్పెను.

వృద్ధుడు అందఱయెదుట నన్నమాట యిది: "ఎరవిచ్చేనురా నీకు. చంపీమని ఇవ్వలేదు." యువకుడు తలవంచుకొని నిలిచెను. ఆ మధ్యాహ్నము అతని తల్లి మా యింటికి వచ్చి, అరుగుక్రింద నిలుచుండి, కోపము లేని గొంతుతో, "పంతులుగారూ, సొంతదైతే నా కొడుకు కేకలెట్టి ఊరు లేపీవోడు" అనెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. మేము చదివిన న్యాయవేత్తలలో నెవ్వరును ఈ మాట చెప్పియుండలేదు.

ఆ యువకుడేల లేపలేదు? అతడు క్రూరుడు కాడు. రాత్రియంతయు మేలుకొన్నవాడు క్రూరుడెట్లగును? అతనికి రెండు భయములు. మొదటిది: వైద్యుని ఖర్చెవరిది? కాగితమున మేతయు లాడములు నున్నవి గాని రోగము లేదు. ఈ లోపము మాది. ఎరవు తెచ్చినదాని దినదినపు తిండి వాడుకొనువానిదనియు, రోగము వచ్చినప్పటి పెద్ద ఖర్చు ఇచ్చినవానిదనియు ఆ గాయసే చెప్పియున్నాడు. దొంగతనమును గూర్చి యతడన్నది జ్ఞాపకముంచుకొని, దయను గూర్చి యన్నది మఱచితిమి. రెండవ భయ మింతకంటె లోతైనది. గుఱ్ఱమునకు జబ్బుచేసినదని తెలిసినచో వృద్ధుడు మఱునాడే దానిని తిరిగి తీసికొనవచ్చును. "అడిగినప్పుడు తిరిగి యియ్యవలెను" అను పంక్తి మేము వ్రాసినదే. ఆ పంక్తిమీద నొక కుటుంబపు కూడు వ్రేలాడుచుండెను. అందుచే నతడు రోగమును దాచెను. నిజము చెప్పినచో బ్రతుకుతెఱువు పోవునట్టి యేర్పాటులో మనుష్యుని నిలిపి, అతడు నిజము చెప్పలేదని నిందించుట యేపాటి ధర్మము?

ఎరవును గూర్చి మాకప్పుడు తెలిసినది వేఱు, ఇప్పుడు తెలిసినది వేఱు. ఎరవు మంచిదే. పెండ్లికి పందిరిగుంజలును, దూరప్రయాణమునకు పెట్టెయు, వానలో గొడుగును ఎరవియ్యని పొరుగు పొరుగు కాదు. అట్టిచోట్ల నక్కఱ నాలుగుదినములలో తీఱును. వస్తువు తిరిగి వచ్చును. కృతజ్ఞత మాత్రమే మిగులును. జీవనాధారమును ఎరవిచ్చుట వేఱు. నిత్యమును ఎరవు వస్తువుమీద బ్రతుకువాడు నిత్యమును మొగమోటముతో బ్రతుకును. ఇచ్చినవాని ముఖము వికసించియున్నదా, ముడుచుకొన్నదా యని దినదినము చూచుకొనవలెను. ఇచ్చినవాడు తా నౌదార్యము చూపితిననుకొనును. పుచ్చుకొన్నవాని చేతిలో పగ్గములున్నను, ఆ పగ్గముల రెండవకొన యితని చేతనే యుండును. వృద్ధుడు సజ్జనుడు, ఆ త్రాడు నొకప్పుడును లాగినవాడు కాడు. ఐనను అది యున్నదని యువకునకు తెలియును. భూమి, ఇల్లు, పనిముట్టు మొదలైన వన్నిటియందును మనదేశములో పెద్దలు పేదలకు చేసిన మేలులలో పెక్కు ఈ జాతివే. ఇచ్చినది తిరిగి తీసికొనగలుగుటయే యా మేలునకు రుచి.

కావున జీవనాధారము విషయమున తల్లి పక్షమే న్యాయపక్షము. ఐతే పొత్తులో చిక్కులు లేవా? ఉన్నవి. వానిని దాచుట మాకు తగదు. పెక్కుమందికి ఉమ్మడియైనది మిక్కిలి తక్కువ శ్రద్ధను పొందునని గ్రీకుతత్త్వవేత్త యరిస్టాటిలు తన రాజనీతిశాస్త్రమున వ్రాసెను. మన యుమ్మడిగొడ్డు సామెత చెప్పునదియు నదియే. ఒకడు 'వాడు నీరు పెట్టియుండు'నని తలచును; వాడు 'వీడు పెట్టియుండు'నని తలచును; గొడ్డు దప్పితో నుండును. ఎరవులో గుఱ్ఱము భయముచేత బాధపడినది. పొత్తులో నది యుపేక్షచేత బాధపడవచ్చును.

దీనికి దూరముపోయి దృష్టాంతము వెదకనక్కఱలేదు. శ్రీముఖలింగ క్షేత్రమునుగూర్చి మా ప్రాంతమున చెప్పుకొను కథ యొకటి గలదు. ఒక శబరనాయకునకు ఇద్దఱు భార్యలు. వారి పెరటిలో నొక ఇప్పచెట్టుండెను. దాని కొమ్మలు పంచుకొని, ఎవరి కొమ్మనుండి రాలిన పూవులను వారు ఏఱుకొనునట్లు ఏర్పాటు. ఒకతెవైపు పూవులు బంగారు పూవులయ్యెనట, రెండవయామెకు ఈర్ష్య పుట్టెను, కలహము పెరిగెను. నాయకుడు విసిగి చెట్టునే నఱికెను. ఆ మ్రానినుండి శివుడు ముఖముతో దర్శనమిచ్చెననియు, మధుకవృక్షమున వెలసినందున మధుకేశ్వరుడయ్యెననియు భక్తులు చెప్పుదురు. మేము పిల్లలకు ఈ కథ చెప్పునప్పుడు తుదిభాగమునే గట్టిగా చెప్పుచుంటిమి. ఇప్పుడు మధ్యభాగము మమ్ము వదలకున్నది. కొమ్మలు పంచుకొన్నారు, పూవులు పంచుకొన్నారు. వేరునకు నీరు పోయువారెవరో కథలో లేదు. తగవు రాగానే గొడ్డలివ్రేటు పడినది తగవులాడినవారిమీద గాదు, చెట్టుమీద. పొత్తువారు పోట్లాడుకొన్నప్పుడు గుఱ్ఱమునకు పట్టుగతియు నిదియే: తెగనమ్మి డబ్బు పంచుకొందురు. నఱికిన ప్రతిచెట్టునుండియు దేవుడు వెలువడడు.

ఈ రెంటికి నడుమ మార్గమున్నదా? ఆ యరిస్టాటిలే స్పార్టావారిని మెచ్చుకొనుచు, అచ్చట స్వామ్య మెవరిది వారిదేయైనను, ఒకరి గుఱ్ఱములను కుక్కలను మఱియొకరు తమవివలెనే వాడుకొందురనెను. రోగియైనవాడో త్వరగా నెక్కడికేని పోవలసినవాడో గుఱ్ఱమును చూచినచో తీసికొని, పని తీరిన పిమ్మట భద్రముగా తిరిగి యిచ్చునని జెనోఫోను వర్ణించెను. వినుటకు సొంపుగానున్నది. కాని స్పార్టావారు గుఱ్ఱములతోపాటు బానిసలను గూడ నిట్లే పరస్పరము వాడుకొనిరని అరిస్టాటిలు ఆ వాక్యముననే చెప్పుచున్నాడు. పంచుకొన్నవారి స్నేహమును మనము పొగడుచున్నాము. పంచబడినవాని మాట నెవ్వరు నడుగలేదు. గుఱ్ఱమును సైతము ఎవ్వరు నడుగరు. ఎరవా, పొత్తా యని మేము నలుగురము మా యరుగుమీద వాదించుచుండగా, ఆ గుఱ్ఱము వీథిలో వేపచెట్టునకు కట్టబడియుండెను. మా తొమ్మిది పంక్తులలో నది యొక వస్తువు మాత్రమే. దానికి కడుపునొప్పి వచ్చునని మా కాగితమునకు తెలియదు.

ఇక్కడ మాకు తోచిన విషయము నొక్కదానిని విన్నవించెదము. లాభమును సగములు చేయవచ్చును. ఖర్చును సగములు చేయవచ్చును. వెలకట్టి స్వామ్యమును సైతము సగములు చేయవచ్చును. ప్రాణముగల దానియెడల బాధ్యతను మాత్రము సగములు చేయరాదు. సగము చేసినంతనే యది లేకుండపోవును. ఎరవులో బాధ్యత యొకనికడ, అధికారము మఱియొకనికడ నుండెను; అందుచే గుఱ్ఱమున కాపద వచ్చెను. అజాగ్రత్తగా పెట్టుకొన్న పొత్తులో బాధ్యత యిద్దఱికడను సగము సగముండి, అర్ధరాత్రమున నెవనికడను లేకపోవును. మంచి పొత్తనగా సగము యజమానులిద్దఱు, నిండు సంరక్షకులిద్దఱు. నా సగమును నేను చూచుకొంటిని, నీ సగమును నీవు చూచుకొనుమనుటకు గుఱ్ఱమున కేసగము నొప్పినదో యెవడు చెప్పగలడు?

మన పూర్వులు దీనిని ఎఱుగనివారు కారు. తెలుగుదేశపు దేవాలయ శాసనములలో అఖండదీపములకై యావులను గొఱ్ఱెలను ఇచ్చిన దానములు పెక్కు కానవచ్చును. ఇచ్చినవాడు ఇచ్చి పోవును. మందను పుచ్చుకొన్నవాడు నిత్యమును ఇంత నెయ్యి పోయవలెనని శిలమీద చెక్కించిరి. పుణ్యము దాతది, పాడి కాపరిది, వెలుగు దేవునిది. ఐనను నేటి రాత్రి నెయ్యి పోయవలసినవాడెవడను ప్రశ్నకు సందేహము లేదు. దీప మాఱునది రాత్రియందే గదా!

ఈ బుద్ధి పుట్టిన పిమ్మట మేమే వృద్ధుని యింటికి పోయితిమి. మేము వ్రాసిన కాగితము తప్పని యొప్పుకొనుట కొంచెము కష్టముగానే యుండెను. నలువదియేండ్లు దాటిన బడిపంతులు తన తప్పును దిద్దుకొనుట యలవాటు లేని పని. వృద్ధుడు మొదట వినలేదు. "పిల్లడి దగ్గిర పాలు తీసుకోమంటారా?" యని యడిగెను. పాలు పుచ్చుకొనకపోవుటయే యా పిల్లవానిని చిన్నవానిని చేయుచున్నదని చెప్పితిమి. పుచ్చుకొన్నవాడే కాక ఇచ్చినవాడును కొంత పుచ్చుకొన్నప్పుడే యిద్దఱును సమానులగుదురు. అతడు చాలసేపు గుఱ్ఱమువంక చూచి, "సరే, రాయండి" అనెను.

రెండవ కాగిత మిట్లున్నది. మేత, లాడములు పోగా వచ్చిన యాదాయములో చెఱిసగము. పంచుకొనుటకు ముందే ప్రతి యూరేగింపునుండియు కొంతసొమ్ము గుఱ్ఱము పేర పోస్టాఫీసులో దాచవలెను; అది దాని రోగమునకును ముసలితనమునకును. ఏ రాత్రి యెవని సాలలో గుఱ్ఱమున్నదో, ఆ రాత్రి వాడే దానికి పూర్తి యజమానుడు. ఎవరినడుగకయే వైద్యుని పిలువవచ్చును. పిలిచినందుకు నిందలేదు, పిలువనందుకు మాత్రమే నింద. రెండవవానిని లేపుట ధర్మము, లేపబడినవాడు కోపగింపరాదు. ఒకని సమ్మతి లేక మఱియొకడు అమ్మరాదు. విడిపోవలసివచ్చినచో గుఱ్ఱము మొత్తముగా నొకనికి, వెలలో సగము రెండవవానికి. ఇందు మనువు మాటయే మాకు మేలుగా తోచినది. పనికి రాని యీడు వచ్చినప్పుడు ఇద్దఱును మేపవలెను. ఈ కడపటి నిబంధనను చదివినప్పుడు వృద్ధుడు తన మోకాళ్లను చేతులతో రాచుకొనుచు నవ్వెను. ఎందుకు నవ్వెనో మేమడుగలేదు.

దీనితో నంతయు చక్కబడినదని చెప్పము. వృద్ధుడు నేటికిని "నా గుఱ్ఱము" అనును. యువకుడు "మన గుఱ్ఱము" అనును. తల్లి యేమియు ననక ఉలవలు నానబోయును. రోగపు రాత్రి యన్నమాట యింకను వారి నడుమ నున్నది. కాగితములు గాయములను మాన్పవు. కాని మొన్న శివరాత్రి తరువాత, వంశధారలో చక్రతీర్థ స్నానములకు జనము పోవుచున్న వేకువజామున, గుఱ్ఱము దగ్గినదని యువకుడు వృద్ధుని తలుపు తట్టెను. వచ్చి చూడగా నది గడ్డిపరక గొంతున నడ్డుపడి వచ్చిన దగ్గు. నీరు త్రాగగానే పోయెను. నిద్ర చెడినందుకు వృద్ధుడు విసుగుకొనుచునే యింటికి మరలెను. విసుగుకొన్నను, మఱల లేపవలదని మాత్రము చెప్పలేదట.